పంటు దాటని వారం

నా ఉద్యోగ జీవితంలో నేను చేసిన అతి పెద్ద తప్పు, వచ్చిన ఆర్డరును వచ్చినట్టు అమలు చేయడం. కొత్తగా గ్రంథాలయాల్లో చేరుతున్న పిల్లలకు ఈ మాట చెబితే నవ్వుతారు. నవ్వండి, పర్వాలేదు. ఆ తప్పు దిద్దుకోవడానికి నేను పడ్డ పాట్లు విన్నాక మీ బల్ల మీదికొచ్చే ప్రతి కాగితాన్నీ రెండుసార్లు చదివితే నాకదే చాలు.

డెబ్బైల చివర రాజోలుకీ సఖినేటిపల్లి రేవుకీ మధ్యనున్న ఒక ఊళ్ళో శాఖా గ్రంథాలయం నా మొదటి పోస్టింగు. పెంకుటింట్లో రెండు గదులు. ముందు గదిలో పేపర్లు, వారపత్రికలు. వెనక గదిలో బీరువాలు. మా నాన్న కొబ్బరితోటల్లో కూలిపని చేసి నన్ను చదివించాడు. మా పేటలో సర్కారు కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్లని నేనే. అందుకని పై ఆఫీసు నుంచి కవరొస్తే, చర్చిలో వాక్యం చదివేటప్పుడు లేచినట్టు లేచి నిలబడి చదివేదాన్ని. ఆ కుర్చీ ఎప్పుడు ఎవరు లాగేస్తారో అన్న భయం లోపల ఉండేది. పైకి మాత్రం చాలా పొగరుగా ఉండేదాన్నని తర్వాత అందరూ చెప్పారు.

నాతో పనిచేసే అటెండరుగారికి అప్పటికే యాభై దాటాయి. మనిషి సన్నం, మాట మెత్తన, పట్టు మాత్రం ఉడుం పట్టు. నేనాయన్ని బాబాయిగారూ అనేదాన్ని, ఆయన నన్ను అమ్మగారండీ అనేవారు. ఆయనకో విద్య ఉంది. వారపత్రికలో సీరియల్ పూర్తి కాగానే ఆ పేజీలన్నీ కోసి, వరస పెట్టి, మైదా జిగురులో పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలిపి బైండు చేసేవారు. మా బీరువాల్లో జనం ఎగబడి చదివే పుస్తకాల్లో సగం, ఏ ప్రచురణకర్తా వెయ్యనివి. అన్నీ ఆయన చేతి బైండింగులే. దానికో నియమం కూడా పెట్టుకున్నారు.

“కథ అవ్వకుండా కత్తెర పెట్టకూడదండి. పంట కోతకి రాకుండా కొడవలి పెడతామేటండి?” అనేవారు.

అప్పట్లో మా వైపు జనాన్ని ఊపేసిన నవల ఒకటుంది. ముగ్గురు అక్కచెల్లెళ్ళ కథ. ఒక్కొక్కరికి ఒక్కొక్క భాగం. రాసినాయన పేరు అట్ట మీద ఉంటే చాలు, ఆ వారం పత్రిక అమ్ముడైపోయేది. మా పాఠకులు అసలు పేరు వదిలేసి, మెళ్ళో వేసుకునే మూడు వరసల గొలుసు పేరు పెట్టి దాన్ని ‘ముప్పేట’ అనేవారు. మొదటి రెండు పేటలూ పుస్తకాలుగా వచ్చాయి. మా దగ్గర ఉన్న కాపీలు నలిగి నలిగి అట్టలూడిపోయాయి. మూడోది వారపత్రికలో ఏడాదిపాటు, యాభై రెండు వారాలు నడిచింది. నేను చేరిన నెలలోనే ఆఖరి వారం వచ్చింది. బాబాయిగారు కత్తెరకి సాన పట్టించుకున్నారు కూడా.

సరిగ్గా అప్పుడు ఆయనకి కామెర్లొచ్చాయి. పసరు తాగుతూ ఇంట్లో పడుకున్నారు. ఆ వారమే ఆర్డరొచ్చింది. పత్రికల్లో పేజీలు కోయడం నిషేధం, పాత పత్రికలన్నీ వెంటనే వేలం వేసి గది ఖాళీ చేయాలి. నిలబడి చదివాను. మర్నాడే చిత్తుకాగితాల వ్యాపారిని పిలిచి, అటక మీద కట్టలన్నీ దింపించి, తూకం వేయించి పంపేశాను. అటక కడిగించి ముగ్గు కూడా వేయించాను.

పదిరోజుల తర్వాత బాబాయిగారు పసుపుపచ్చ కళ్ళతో వచ్చి అటక వైపు చూశారు.

“మూడో పేట ఏదండీ?”

“వేలం వేసేశాను బాబాయిగారూ. ఆర్డరొచ్చింది.”

“ఆయ్,” అన్నారాయన.

కోనసీమలో ఆయ్ అంటే అవునని అర్థం. ఆయన అన్న ఆ ఆయ్‌లో ఆ అర్థం లేదు. తర్వాత మూడు రోజులు బల్లలు తుడుస్తూ ఉండిపోయారు.

పుస్తకంగా వచ్చేస్తుందిలే అనుకున్నాను. రాలేదు. రచయితకీ ప్రచురణకర్తకీ చెడిందనీ, మూడో భాగం అచ్చు కాదనీ పత్రికలోనే ఒక ముక్క పడింది. ఇక చూడండి నా అవస్థ. రెండో భాగం తిరిగిచ్చినవాళ్ళు చెయ్యి చాపి మూడోది అడగడం, నేను లేదనడం, వాళ్ళు నన్ను ఎగాదిగా చూడడం. కొన్నాళ్ళకి మొదటి భాగం కూడా ఎవరూ పట్టుకెళ్ళడం మానేశారు.

“మూడోది లేనప్పుడు మొదటిదెందుకండీ, కడుపుమంటకి కాకపోతే,” అని ఒక టీచరమ్మగారు నా మొహం మీదే అన్నారు.

ముప్పేట కోసం వచ్చేవాళ్ళే వచ్చిన చేత్తో ఇంకేదో తీసుకెళ్ళేవారు. వాళ్ళు మానేస్తే మిగతా పుస్తకాలూ కదలడం మానేశాయి. గుమ్మం దగ్గర సంతకాల రిజిస్టరులో పేజీ నిండడానికి వారం పట్టేది. గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే తనిఖీ అధికారి వచ్చారు. చెడ్డాయన కాదు. లెక్క తప్పని మనిషి, నవ్వని మనిషి. రిజిస్టరు తిరగేసి కళ్ళద్దాలు తీశారు.

“ఇలా అయితే దీన్ని శాఖగా ఉంచలేమమ్మా. ఇల్లు ఖాళీ చేసి, ఒక పెట్టెడు పుస్తకాలు పంచాయతీ ఆఫీసులో పెట్టిస్తాం. మీకు ఏజెన్సీ వైపు పోస్టింగిస్తారు. మూడు నెలల్లో మళ్ళీ వస్తాను, అప్పటికి మార్పుంటే చూద్దాం.”

ఆయన బస్సెక్కాక నేను వెనక గదిలోకి వెళ్ళి బీరువాల మధ్య నిలబడి ఏడ్చాను. బదిలీకి కాదు. ఆ ఊరికి పుస్తకాల ఇల్లు లేకుండా చేసింది నేనే కదా అని. బాబాయిగారు గుమ్మంలో నిలబడి గొంతు సవరించుకున్నారు.

“రోజుకో పది సంతకాలు నేను పెట్టేస్తానండి. కుడిచేత్తో ఐదు, ఎడంచేత్తో ఐదు. ఎవరికీ తెలీదు.”

నిజం చెప్పాలంటే ఒక్క క్షణం ఆశ పుట్టింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని, “వద్దు బాబాయిగారూ. మూడో పేట నేను పోగొట్టాను. మళ్ళీ తెద్దాం. ఆ పత్రిక కొనుక్కున్నవాళ్ళు ఈ చుట్టుపక్కల ఎంతమంది లేరు?” అన్నాను.

“చేతులు కాలాక ఆకులండి,” అన్నారాయన. అంటూనే వెళ్ళి కత్తెర తెచ్చుకున్నారు.

గుమ్మం పక్కన ఒక నల్లబల్ల వేలాడదీసి, దాని మీద ఒకటి నుంచి యాభై రెండు వరకు గళ్ళు గీశాం. ఏ వారం దొరికితే ఆ గడి కొట్టేయడం. ఆ బల్ల చూడ్డానికే జనం ఆగడం మొదలుపెట్టారు. దర్జీ షాపు గోడకి అంటించిన నాలుగు వారాలు బాబాయిగారు తడిగుడ్డతో ఒక పూటంతా కూర్చుని ఊడదీశారు. ట్రంకుపెట్టెల అడుగున పరిచినవి వచ్చాయి. కిరాణాషాపులో పప్పు పొట్లంగా రెండు దొరికాయి. రిటైరైన హెడ్మాస్టరుగారు దాచుకున్నవి పద్నాలుగు ఇచ్చారు గానీ, వెనక పేజీలో గళ్ళ నుడికట్టు కోసుకున్నారు కాబట్టి కథలో చదరాలుగా కన్నాలు. ఆ కన్నాల్లోవి ఇంకొకరి దగ్గర వెతికి రాసి అంటించాం. ఒకావిడ భర్త కువైట్‌లో ఉండేవాడు. ఉత్తరంతోపాటు సీరియల్ కోసి కవర్లో పెట్టి పంపేదట. సెలవు మీద వస్తున్న వాళ్ళ ఊరివాడి చేత అతను పదకొండు వారాలు తిరిగి పంపించాడు. సముద్రం దాటి వెళ్ళిన కథ మా ఊరికి తిరిగొచ్చిందని ఆ రోజు బాబాయిగారు అందరికీ బెల్లం పంచారు.

నెలన్నరలో బల్ల మీద ఒకే ఒక్క గడి మిగిలింది. ముప్పై ఒకటి.

అది ఎవరి దగ్గరా లేదు. ఉండే వీల్లేదు. మా వైపు పత్రికల కట్ట నర్సాపురం దాకా రైల్లో వచ్చి, అక్కడి నుంచి వశిష్ఠ మీద పంటులో రేవు దాటేది. రెండు పడవలు కలిపి పైన బల్లలు పరిచిన పంటు అది. ఆ ముప్పై ఒకటో వారం గోదావరి పొంగి పంటు ఆగిపోయింది. కట్ట అటు ఒడ్డునే ఉండి, అటే వెనక్కి పోయింది. పంటు తిరిగేసరికి ముప్పై రెండో వారం వచ్చేసింది. నదికి ఇటువైపు మా రేవు ఊళ్ళలో మనిషన్నవాడెవడూ ఆ భాగం చదవలేదు. అమలాపురం, కొత్తపేట గ్రంథాలయాలకి రోడ్డు మీదుగా వెళ్ళే కట్ట అందింది గానీ, వాళ్ళూ నాలాగే ఆర్డరు పాటించారు. నర్సాపురం వెళ్ళి షాపులన్నీ తిరిగొచ్చాను. పత్రిక ఆఫీసుకి రాస్తే పాత సంచికలు లేవని కార్డొచ్చింది. రచయితకి రాస్తే అదీ రాలేదు.

పోయింది చిన్న ముక్క కాదు. ముప్పయ్యో వారం చివర ఆఖరి చెల్లెలు, తన తండ్రి ఆస్తి కాగితం దాచేసిన రైసుమిల్లు యజమాని ఇంటి గుమ్మంలో నిలబడి ఉంటుంది. ముప్పై రెండో వారం మొదట్లో ఆ ఇంటి తాళాలగుత్తి ఆ పిల్ల చేతిలో ఉంటుంది. ఎలా వచ్చింది? ‘జరిగిన కథ’లో ఒక్క ముక్క ఉంది: ‘చాకచక్యంగా తాళాలు సంపాదించింది’ అని. దాని మీద ఏడాదిగా మా ఊళ్ళో వాదనలు. దొంగిలించిందని హెడ్మాస్టరుగారు. మిల్లుగుమాస్తా ఇచ్చాడని టీచరమ్మగారు.

అలా ఉండగా ఒక మధ్యాహ్నం గుమ్మం బయట ఒకావిడ నిలబడింది. కొబ్బరిపీచు తాడు పేనే షెడ్డులో పనిచేసే మనిషి. చీర నిండా పీచు ధూళి. లోపలికి రాలేదు.

“అమ్మగారండీ, ముప్పై ఒకటో వారం నాకు తెల్సండి.”

బాబాయిగారు జిగురు గిన్నె కింద పెట్టేశారు. “చదివేవా?”

“చదవడం రాదండి. విన్నాను. మా చిన్నాడి పురుటికి నది అవతల ఆసుపత్రిలో ఉన్నానండి. వరదొచ్చి పంటు ఆగిపోతే పదిరోజులు అక్కడే ఉండిపోయేను. నర్సమ్మగారు మజ్జానం పూట వార్డులో అందరికీ చదివి వినిపించేవారండి.”

నేను కాగితం, కలం తీశాను. “చెప్పమ్మా.”

ఆవిడ కదల్లేదు. “ఆ ఒక్క వారమే విన్నానండి. దానికి ముందేటయ్యిందో తెలీదు, తర్వాతేటయ్యిందో తెలీదు. ఆ పిల్ల ఎవరో, ఆ ఇంటికెందుకెళ్ళిందో కూడా తెలీదండి. ఏడాది దాటిపోయి మా చిన్నాడు నడుస్తున్నాడు, నాకింకా తెలీలేదు. ముందు నాకు మొదట్నించీ చెప్పండి. అప్పుడు నాది చెప్తాను. ఎవరేటో తెలీకుండా చెప్తే తప్పు చెప్తానేమోనండి.”

ఊరందరి దగ్గరా ఆ ఒక్క వారం తప్ప అన్నీ ఉన్నాయి. ఆవిడ దగ్గర ఆ ఒక్క వారం తప్ప ఏమీ లేదు.

“ఎన్ని రోజులైనా చదువుతాం. లోపలికి రా,” అన్నాను.

“ఇప్పుడు పనుందండి. రేపు నాలుగింటికొస్తాను.”

మర్నాటి నుంచి రోజూ నాలుగింటికి చదవడం మొదలైంది. మొదటి భాగం నేను, గొంతు పోతే టీచరమ్మగారు, ఆవిడ రాకపోతే హెడ్మాస్టరుగారు. మొదటి రోజు తాడు పేనే ఆవిడొక్కతే వచ్చి గుమ్మం లోపల నేల మీద కూర్చుంది. రెండో రోజు షెడ్డులో నుంచి మరో నలుగురు. వారం తిరిగేసరికి షెడ్డు మేస్త్రీ వచ్చి, “మా ఆడోళ్ళు నాలుగయ్యేసరికి తాళ్ళొదిలేసి ఇటొచ్చేస్తున్నారండి,” అని ఫిర్యాదు చేశాడు. చేసి, తనూ కూర్చున్నాడు. ఇంతకు ముందే చదివినవాళ్ళు కూడా మళ్ళీ వినడానికి వచ్చేవారు, ముఖ్యంగా ముప్పై ఒకటి ఎప్పుడొస్తుందో లెక్కేసుకోవడానికి. ‘మధ్యలోది కాస్త ముందే చెప్పరాదా’ అని ఆవిణ్ణి దారిలో ఆపి బతిమాలినవాళ్ళున్నారు. ఆవిడ నోరు విప్పలేదు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు, మొండిది అంతకన్నా బలవంతురాలు.

వచ్చిన ప్రతి మనిషి చేతా రిజిస్టరులో సంతకం పెట్టించాను. సంతకం రానివాళ్ళ చేత వేలిముద్ర వేయించాను. బాబాయిగారు సిరా పెట్టె పట్టుకుని గుమ్మంలో కూర్చునేవారు.

ముప్పయ్యో వారం చదవడం పూర్తయిన మర్నాడే తనిఖీకి వస్తున్నట్టు కార్డొచ్చింది. తారీఖు మార్చే దారి లేదు, మార్చాలనీ అనిపించలేదు.

ఆ రోజు గదిలో కాలు పెట్టడానికి చోటు లేదు. కిటికీల్లో మనుషులు, అరుగు మీద మనుషులు, అరుగు కింద సైకిళ్ళు. ఆవిడ తల స్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి నా బల్ల పక్కన కూర్చుంది. నేను రాసుకుంటున్నాను.

“ఆ పిల్ల లోపలికెళ్ళేసరికి ఆసామి మిల్లుకెళ్ళేడండి. దొడ్లో ఆయన పెళ్ళాం ఒక్కత్తీ కూర్చుంది. నడుముకి తాళాలగుత్తి. పొద్దు వాలిపోతంది, ఆవిడింకా ఎంగిలి పడలేదు. ఈ పిల్ల కాగితం మాట ఎత్తలేదండి. ‘అన్నం తిన్నారా అండీ’ అనడిగింది.”

అప్పుడే గుమ్మంలో తనిఖీ అధికారి తల కనిపించింది. నేను లేవబోయాను. ఆవిడ నా చెయ్యి పట్టుకుంది.

“కూర్చోండి అమ్మగారూ. మాట తెగిపోద్ది.”

కూర్చున్నాను. పై అధికారి నిలబడి ఉండగా నేను కూర్చోవడం నా జీవితంలో అదే మొదటిసారి. గుమ్మంలో బాబాయిగారు మెల్లగా అనడం వినిపించింది, “కాస్త అరుగు మీద కూర్చోండి సార్. ముప్పై ఒకటో వారం జరుగుతోందండి.”

ఆవిడ చెప్పుకుపోయింది. ముప్పై ఏళ్ళు ఆ ఇంట్లో అందరి కడుపులూ నింపినావిడని, తిన్నావా అని అడిగినవాళ్ళు ఎవరూ లేరట. పిల్ల ఇద్దరికీ వడ్డించిందట. చెయ్యి కడుక్కున్నాక ఆ పెద్దావిడ నడుము నుంచి గుత్తి తీసి పిల్ల చేతిలో పెట్టి, ‘నీదేదో అది తీసుకో, తాళాలు నాకిచ్చేసి పో’ అందట.

షెడ్డు ఆడవాళ్ళలో ఎవరో ముక్కు చీదారు. హెడ్మాస్టరుగారికి మాత్రం ఒక అనుమానం మిగిలిపోయింది. “మరి పత్రికలో ‘చాకచక్యంగా’ అని రాశారు కదమ్మా?”

“ముప్పై ఏళ్ళ నుంచి ఎవరికీ తోచని మాట అడగడం చాకచక్యం కాదాండీ?” అంది ఆవిడ.

గదంతా ఒక్కసారిగా గొల్లున నవ్వింది. బాబాయిగారు నల్లబల్ల దగ్గరికెళ్ళి ఆఖరి గడి కొట్టేశారు. నాకు కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, దాచుకోలేదు.

జనం పల్చబడ్డాక అధికారి లోపలికొచ్చి రిజిస్టరు తెరిచారు. పేజీల మీద పేజీలు తిప్పారు.

“ఇన్ని వేలిముద్రలేమిటమ్మా? చదవడం రానివాళ్ళు గ్రంథాలయానికి పాఠకులెలా అవుతారు?”

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఈసారి కాగితాన్ని రెండుసార్లు చదివే ఉన్నాను. రిజిస్టరు మొదటి పేజీ తిప్పి, పై ఆఫీసువారే అచ్చు వేయించి పంపిన శీర్షిక మీద వేలు పెట్టాను. ‘వచ్చినవారి సంతకం లేక వేలిముద్ర’ అని ఉంది. ఏ పాత ఫారం చూసి అచ్చు వేయించారో నాకు తెలియదు.

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని దాన్ని చదివారు. తర్వాత తనిఖీ పుస్తకం అడిగి ఏదో రాసి, మూసి, నా వైపు జరిపి, చేతిసంచి తీసుకుని వెళ్ళిపోయారు. బస్సు కదిలిందని తెలిశాకే తెరిచాం. రెండే వాక్యాలు. ‘గది చాలదు. వరండా నిర్మాణానికి ప్రతిపాదన పంపవలెను.’ బాబాయిగారు అది నా చేత మూడుసార్లు పైకి చదివించుకున్నారు.

శాఖ నిలబడింది. ఏడాది తిరిగేలోగా వరండా వచ్చింది. మూడో పేటని బాబాయిగారు ఎర్ర కాలికో గుడ్డ అట్టతో బైండు చేశారు. ముప్పై ఒకటో వారం నా దస్తూరీలో, చివర ఆవిడ వేలిముద్రతో ఉంటుంది. దాని కోసం రాజోలు నుంచి, నది అవతల నుంచి కూడా వచ్చి చదివి వెళ్ళేవారు.

ఎనభైల మధ్యలో రచయితకీ ప్రచురణకర్తకీ రాజీ కుదిరి మూడో భాగం అచ్చయింది. కట్ట విప్పగానే ముప్పై ఒకటో అధ్యాయం తీశాను. అందులో ముసలావిడా లేదు, అన్నమూ లేదు. ఆ పిల్ల మిల్లు యజమాని నిద్రపోతుంటే తలగడ కింద నుంచి తాళాలు తీసుకుంటుంది, అంతే. పుస్తకం సంచిలో వేసుకుని షెడ్డుకి వెళ్ళాను. తాళ్ళ మధ్య కూర్చుని ఆ అధ్యాయమంతా ఆవిడకి చదివి వినిపించాను. ఆవిడ చేతిలో పని ఆపకుండా చివరిదాకా విన్నది. కోపం రాలేదు, చిన్నబోలేదు కూడా.

“పాపం, రాసి చాలా కాలమయ్యింది కదండీ,” అంది. “మర్చిపోయుంటారు ఆయన.”